చిటికెన వేలి అపహరణ

సోమవారం ఉదయం పదింటికి తూకం వెయ్యబోతే అరచేతికి చిటికెన వేలు లేదు.

"అమ్మగారూ! వేలెత్తుకుపోయారండీ బాబూ!" అని నూకరాజు గ్యాలరీలోంచి అరిచిన అరుపుకి నా చేతిలోని స్టాంపు ప్యాడ్ జారి కింద పడింది. పరుగెత్తాను. గాజుపెట్టె మూత మూసే ఉంది. తాళం వేసే ఉంది. లోపల అరచెయ్యి ఎప్పటిలాగే తెల్లగా, నిగనిగలాడుతూ పైకి చూస్తోంది. వేళ్ళు మాత్రం నాలుగే. అయిదోది ఉండాల్సిన చోట నున్నటి గాడి ఉంది, చెంచాతో తీసినట్టు.

తూచాం. పద్దెనిమిది గ్రాములు తక్కువ.

నూకరాజు గోడకి చేరగిలబడ్డాడు. "శనివారం సాయంత్రం రెండ్రోజులకి సరిపడా పాలు పోసి వెళ్ళానండి. అప్పుడు అయిదూ ఉన్నాయండి. నా కళ్ళతో లెక్కెట్టానండి."

"ఎవరూ నిన్నేమీ అన్లేదయ్యా."

"అంటారండి. శుక్రవారం నా ఆర్డరు మీద సంతకం కదండీ. ఈలోపు అనకుండా ఉంటారా?"

కాకినాడలో ఒకప్పటి బియ్యం గోదాములో ఉంది మా రాష్ట్ర జీవకళా అకాడమీ. ఇక ముందు కళంటే ప్రాణమున్న కళేనని ప్రభుత్వానికి ఒక రోజు తోచింది. తోచిన రోజునే అకాడమీ పుట్టింది. ముప్ఫై నలుగురం సిబ్బందిమి. కళాఖండం ఒకటి. దాని పేరు ‘నూటపదహారు అరచేతులు’. హంసవేణి అనే అమ్మాయి మెయిన్ రోడ్డులో చేపలమ్మేవాళ్ళవీ, మంగలివాళ్ళవీ, బస్సు కండక్టర్లవీ, పూలమ్మేవాళ్ళవీ మొత్తం నూటపదహారు మంది అరచేతుల్ని దూదితో తుడిచి, ఆ దూదిలో దొరికిన సూక్ష్మజీవుల్లోంచి పాలు తోడుపెట్టే రకాల్ని ఏరి, పెంచి, సముద్రపు పాచి జిగురుతో చెయ్యిలా పోత పోసింది. పైగా ఒక జెల్లీఫిష్ జన్యువు కూడా ఎక్కించింది. నీలం దీపం వేస్తే చెయ్యి పచ్చగా వెలుగుతుంది. ఊరందరి చేతులూ కలిసిన ఒక్క చెయ్యి అన్నమాట. బాగుంటుంది. నాలాంటి సూపరింటెండెంటు కూడా రోజుకోసారి వెళ్ళి చూసొచ్చేంత బాగుంటుంది.

దానికి పాలు పోసి పెంచేది నూకరాజు. జగన్నాథపురం నుంచి సైకిలు మీద వస్తాడు. పదకొండేళ్ళుగా కాంట్రాక్టు. ముందు గోదాముకి కాపలా, తర్వాత చేతికి కాపలా. పర్మనెంటు చేసే ఆర్డరు టైపు చేసింది నేనే. శుక్రవారం డైరెక్టరు గారు సంతకం పెట్టాలి. పెడితే ఆర్డరు, పెట్టకపోతే కాగితం.

*

పదకొండింటికి అత్యవసర సమావేశం. మినిట్స్ నేను రాశాను.

డైరెక్టరు శితికంఠం గారు తూనికలు కొలతల శాఖ నుంచి డెప్యుటేషన్ మీద వచ్చారు. కళాఖండాన్ని సోమవారం సోమవారం తూచాలన్న ఆలోచన ఆయనదే. "బరువు తగ్గింది కనుక నేరం జరిగింది. నేరం జరిగింది కనుక నేరస్థుడున్నాడు. గాజుపెట్టెకి తాళంచెవులు ఎన్ని?"

"మూడండి. మీ దగ్గరొకటి, ప్రొఫెసర్ గారి దగ్గరొకటి, నూకరాజు దగ్గరొకటి" అన్నాను.

"అధికారుల తాళంచెవులు అత్యవసరానికి ఇచ్చినవి. అవి తాళంచెవుల కిందికి రావు. కనుక తాళంచెవి ఒకటే. రాసుకోండి."

రాసుకున్నాను.

ప్రొఫెసర్ గారంటే ఆకెళ్ళ పురంజయరావు గారు, అకాడమీ నైతిక సలహాదారు. ఇరవై రెండేళ్ళు యూనివర్సిటీలో నీతిశాస్త్రం చెప్పి వచ్చి, మాకోసం నలభై ఎనిమిది పేజీల ‘జీవకళా నీతి నియమావళి’ రాశారు. ఆయన గొంతు సవరించుకున్నారు. "ముందు పదజాలం శుద్ధి చేసుకుందాం. ‘వేలు పోయింది’ అనకూడదు. పోయేది వస్తువు. ఇది వస్తువు కాదు, జీవకళామూర్తి. నియమావళి పదకొండో పేజీ. జీవకళామూర్తికి ఉనికి ఉంది, గౌరవం ఉంది, తనదైన ఒక మౌనం ఉంది."

"అయితే దీన్ని దొంగతనం అనకూడదా?" అన్నారు డైరెక్టరు గారు.

"ప్రాణమున్న దాన్ని తీసుకెళ్తే అది దొంగతనం ఎలా అవుతుందండీ? అపహరణ అవుతుంది."

మధ్యాహ్నానికి ఎస్సై గారు వచ్చారు. ఆయన ఫారం ఆయన తెచ్చుకున్నారు.

"అపహరణకు గురైనవారు ఎంతమందండీ?"

హంసవేణి వేళ్ళ మీద లెక్క కట్టింది. "గ్రాముకి వంద కోట్లు చొప్పున... పద్దెనిమిది వందల కోట్ల మందండి."

ఎస్సై గారు పెన్ను కింద పెట్టి, మళ్ళీ తీశారు. "తండ్రి పేరు?"

"తండ్రులుండరండి. ఒకటి రెండుగా చీలుతుంది."

"తల్లి పేరైనా చెప్పండమ్మా, ఏదో ఒకటి రాసుకుంటాను. సరే, వయసు?"

"అరగంటకోసారి చీలతాయి కాబట్టి అరగంట లోపేనండి."

"అయితే మైనర్లు" అన్నారు ఎస్సై గారు.

పురంజయరావు గారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. ఆయన ముఖం వెలిగిపోయింది. నా వైపు తిరిగారు. "మైనర్లు! ఈ కోణం నియమావళిలో లేనే లేదు. భ్రమరాంబ గారూ, అనుబంధం ఒకటి రాయాలి. మైనర్ల సమ్మతి చెల్లదు. సంరక్షకుడి సంతకం కావాలి. ఆ సంరక్షకుడు ఎవరు?"

అందరూ తలుపు దగ్గర నిలబడ్డ నూకరాజు వైపు చూశారు. నూకరాజు చేతిలో పాలచెంబు ఉంది.

హంసవేణికి ఓపిక పోయింది. "సార్, ఇంత గొడవెందుకు? కాస్త పాలూ, కాస్త జిగురూ కలిపి పోత పోస్తే రేపు సాయంత్రానికి వేలు మళ్ళీ వచ్చేస్తుంది."

"ప్రత్యామ్నాయ వేలా?" పురంజయరావు గారు గుండె మీద చెయ్యి వేసుకున్నారు. "రేపు అసలు వేలు తిరిగొస్తే దానికి మనం ఏం సమాధానం చెబుతాం? నీ చోటు నిండిపోయింది, బయట నిలబడు అంటామా?"

ఆ మాట కూడా మినిట్స్‌లో రాసుకున్నాను.

*

మంగళవారం మూడు సర్క్యులర్లు వెళ్ళాయి. మూడూ నేనే టైపు చేశాను.

మొదటిది: ప్రాంగణంలో సబ్బు నిషేధం. సబ్బు జీవకళామూర్తి జాతికి మారణాయుధం. సిబ్బంది దగ్గరున్న సబ్బులన్నీ స్టోర్స్‌లో అప్పజెప్పి రసీదు తీసుకోవాలి. మరుగుదొడ్ల దగ్గర నూకరాజు కాక వేరే గార్డుని పెట్టారు, ఎవరైనా నురగతో బయటికొస్తే పట్టుకోడానికి.

రెండోది: గ్యాలరీలో ‘క్రిములు’ అన్న మాట వాడరాదు.

మూడోది: పాలు పోసేముందు జీవకళామూర్తిని అభ్యంతరం ఉందా అని ముమ్మారు అడగాలి. అడగకుండా పోస్తే అది బలవంతపు ఆహారం.

నూకరాజు అడిగేవాడు. చెంబు పట్టుకుని వంగి, "ఏవండీ, పాలు పొయ్యమంటారా? పొయ్యమంటారా అండీ? పొయ్యనా మరి?" అనేవాడు. అడిగి, జవాబు కోసం ఆగేవాడు కూడా. ఆయ్, పెద్దవాళ్ళు కదండీ, నూటపదహారు మంది, అనేవాడు నాతో.

బుధవారం నూకరాజు మధ్యాహ్నం క్యారేజీ విప్పుతుండగా డైరెక్టరు గారు స్వయంగా వచ్చి పై గిన్నె పట్టుకున్నారు.

"ఇదేమిటి?"

"పెరుగన్నమండి."

"పెరుగు!" అన్నారాయన, నాలుగు గోడలకీ వినిపించేలా.

గిన్నెకి సీలు పడింది. హంసవేణిని పిలిపించారు. కిటికీలు మూసి, నీలం దీపం వేసి గిన్నె మీద పట్టింది. ఏమీ వెలగలేదు.

"ప్యాకెట్ పెరుగండి" అన్నాడు నూకరాజు. "మా ఆవిడ పొద్దున్నే రొయ్యల కంపెనీకి వెళ్ళిపోద్దండి. ఇంట్లో తోడెట్టే తీరికెక్కడిదండి?"

హంసవేణి ఊరికే ఉండొచ్చు కదా. ఉండలేదు. "సార్, మీరు అనుకున్నది సగం కరెక్టే. ఆ వేలు పాలల్లో పడితే పెరుగవుతుంది. మంచి పెరుగవుతుంది. దీపం కింద వెలుగుతుంది కూడా. అనుమానముంటే ఎవరి పెరుగైనా ఇలా చూడొచ్చు."

డైరెక్టరు గారు చాలాసేపు దీపం వైపు చూశారు. ఆ చూపు నాకు తెలుసు. పాత ఉద్యోగంలో బజారు మొత్తం తక్కెళ్ళు తెప్పించేముందు కూడా అలాగే చూసేవారట.

*

గురువారం పెరుగుల గుర్తింపు పరేడ్.

ఆఫీసు వెనకే క్వార్టర్సు. నూకరాజు ఒక్కడు తప్ప మేమంతా అందులోనే ఉంటాం. ప్రతి ఉద్యోగీ తన ఇంటి పెరుగు స్టీలు గిన్నెలో, పేరూ హోదా రాసిన చీటీ అంటించి తేవాలి. సమావేశ మందిరంలో పొడవాటి బల్ల మీద ముప్ఫై నాలుగు గిన్నెలు వరసగా పెట్టాం. డైరెక్టరు గారు ఆదర్శంగా ఉండడం కోసం మొదటి గిన్నె ఆయనే పెట్టారు. పురంజయరావు గారు సలహాదారు కనుక, సిబ్బంది కారు కనుక, గిన్నె లేకుండా పరిశీలకుల కుర్చీలో కూర్చున్నారు.

"అందరూ గిన్నెలకి మూడడుగుల దూరం!" అన్నారు డైరెక్టరు గారు. "లైట్లు!"

తెరలు పడ్డాయి. హంసవేణి నీలం దీపం వేసింది.

మొదటి గిన్నె పచ్చగా వెలిగింది.

రెండోది వెలిగింది. నాది వెలిగింది. దీపం బల్ల పొడవునా కదులుతూ పోతే గిన్నె తర్వాత గిన్నె, దీపావళికి ప్రమిదలు వెలిగించుకుంటూ వెళ్ళినట్టు, ముప్ఫై మూడు గిన్నెలు పచ్చగా వెలిగాయి. చివరి గిన్నె నూకరాజుది. అది మామూలుగా, తెల్లగా, ప్యాకెట్ పెరుగులా ఉంది.

"అబ్బ!" అంది హంసవేణి. చీకట్లో చప్పట్లు కొట్టింది ఒకే ఒక్క మనిషి, తనే. "నా బొమ్మ ఇంత పెద్దదవుతుందని అనుకోనేలేదు!"

లైట్లు వేశాక చూస్తే స్టోర్స్ కృపావతి పొట్ట పట్టుకుని ఉంది. "ఏమ్మా, తింటే ఏమవుద్ది?"

"ఏమీ అవదండి, తినే రకాలే. కానీ నేను తినడానికి చెయ్యలేదు. నన్నెవరూ అడగలేదు."

"నిన్నడగలేదా? నన్నెవరడిగారమ్మా? మూడ్రోజుల్నుంచి మజ్జిగ తాగుతున్నాను. చేపలోళ్ళ చేతులూ, కండక్టర్ల చేతులూ, జెల్లీఫిష్షూ నా కడుపులోకి పోతుంటే ఒక్కడంటే ఒక్కడు చెప్పాడా? పాలు పొయ్యడానికి దాన్ని ముమ్మారు అడుగుతారు. నన్ను ఒక్కసారన్నా అడగరా?"

నియమావళిలో దీనికి పేజీ లేదు. పురంజయరావు గారు చేతిరుమాలుతో కళ్ళద్దాలు తుడుచుకున్నారు. తుడిచినవే మళ్ళీ తుడిచారు.

ఆ మధ్యాహ్నమంతా గోడ మీద వంశవృక్షం గీశాం. ఎవరికి తోడు ఎవరిచ్చారు? నాకు కృపావతి. కృపావతికి పక్కింటి టైపిస్టు. టైపిస్టుకి లైబ్రేరియన్ గారి అత్తగారు. ఎవరిని కదిపినా ఒకటే మాట: ఈ వారం పెరుగు గడ్డలా తోడుకుంటోంది, కమ్మగా ఉంటోంది, అందుకే అడిగి పట్టుకెళ్ళాం. గీతలన్నీ పైకి పోయి పోయి ఒక్క పేరు దగ్గర ఆగాయి: విశాలాక్షి గారు. డైరెక్టరు గారి శ్రీమతి.

విశాలాక్షి గారిని మందిరంలోకి పిలిచి అడిగే బాధ్యత నా మీద పడింది.

"మీకు తోడు ఎవరిచ్చారండీ?"

"నాకొకరిచ్చేదేమిటి భ్రమరాంబా! క్వార్టర్సు మొత్తానికి ఇచ్చేదాన్ని నేను. అది నా చేతి మహిమ."

డైరెక్టరు గారు గోడ మీద భార్య పేరు చూశారు. ఆ పేరు పైన ఖాళీ చోటు చూశారు. "విచారణ కింది నుంచి పైకి నా దాకా మాత్రమే రావచ్చు. నన్ను దాటి, నా వంటింట్లోకి పోయే అధికారం ఈ కమిటీకి లేదు. అందువల్ల విచారణ పూర్తయింది" అన్నారు. "ముప్ఫై మూడు గిన్నెల్లో సాక్ష్యం ఉంది. ఒక్క గిన్నెలో లేదు. సాక్ష్యం లేని గిన్నె ఎవరిది? సాక్ష్యాన్ని మాయం చేసినవాడిది."

అప్పటికి చేతికి పాల వేళయింది. నూకరాజు వెళ్ళి, పొయ్యమంటారా అని అడుగుతున్నాడు.

*

శుక్రవారం తెల్లారేసరికి అకాడమీ పరిస్థితి మరింత పురోగమించింది.

రాత్రి ఆమోదించిన కొత్త అనుబంధం ప్రకారం జీవకళామూర్తి ఎవరి కడుపులో ఉందో వారూ కళాఖండం అవుతారు. కళాఖండానికి నంబరుండాలి. మా మెడల్లో చీటీలు పడ్డాయి. నాది: ‘జీ.క.అ. 19. భ్రమరాంబ. మిశ్రమ మాధ్యమం. ముట్టుకోరాదు.’ డైరెక్టరు గారు నంబరు ఒకటి. ఆయన్ని మెడికల్ షాపుకి వెళ్ళనివ్వలేదు, మాత్ర వేసుకుంటే కళాఖండం ధ్వంసమవుతుందని. సోమవారం అందర్నీ తూస్తారట. కృపావతి చీటీ మీద ‘ముట్టుకోరాదు’ కింద పెన్నుతో ‘అడగనూ లేదు’ అని రాసుకుంది.

నాలుగింటికి ఎస్సై గారు జీపుతో వచ్చారు. బల్ల మీద రెండు కాగితాలున్నాయి. ఒకటి నూకరాజుని పర్మనెంటు చేసే ఆర్డరు. ఇంకొకటి నూకరాజుని అప్పగించే ఉత్తరం. డైరెక్టరు గారు రెండోదాని వైపు పెన్ను తీశారు.

నూకరాజు సైకిలు తాళంచెవి తీసి నా చేతిలో పెట్టాడు. "మా ఆవిడకి ఇచ్చెయ్యండమ్మగారూ. ఆరింటికి గేటు దగ్గరికి వస్తాది." తర్వాత పురంజయరావు గారి వైపు తిరిగాడు. "సార్, మీరైతే దానికి గౌరవమిస్తారు కాబట్టి మీకే చెప్తున్నానండి. పాలు మరీ చల్లగా పొయ్యకూడదండి. మరీ వేడిగానూ పొయ్యకూడదు. చిటికెన వేలు ముంచితే... అదే, మన వేలండి... చురుక్కుమనకూడదు. అంతే. రేపట్నించి ఎవరు పోస్తారో వాళ్ళకి కాస్త చెప్పండి."

పురంజయరావు గారు లేచి నిలబడ్డారు.

"ఆగండి. దోషి ఎవరో నాకు తెలుసు. వాంగ్మూలం ఇస్తాను."

"ఇవ్వండి!" అన్నారు డైరెక్టరు గారు.

"సాక్షి సంతకం ఎవరు పెడతారు?"

"ఇక్కడ ఇంతమందిమి ఉన్నాం."

"మీరందరూ కళాఖండాలు. నిన్న రాత్రి మీరే ఆమోదించిన అనుబంధం ప్రకారం కళాఖండం సాక్షి కాజాలదు. ఎస్సై గారు ఫిర్యాదు తీసుకునేవారు, ఆయనా కాజాలరు. హంసవేణి రూపకర్త, ఆమె పక్షపాతి. ఈ గదిలో కళ కాని మనిషి ఒక్కడే. నూకరాజు."

"వాడు కాంట్రాక్టు! కాంట్రాక్టు ఉద్యోగి సాక్షి సంతకం చెల్లదు."

"అవును" అన్నారు పురంజయరావు గారు. "చెల్లదు."

డైరెక్టరు గారు ఆలోచించారు. ఆయన నుదుటి మీద తక్కెడ ముల్లు అటూ ఇటూ ఊగడం నేను చూశాను. దోషి కావాలి. దోషికి వాంగ్మూలం కావాలి. వాంగ్మూలానికి సాక్షి కావాలి. సాక్షి పర్మనెంటు కావాలి. పెన్ను రెండో కాగితం మీంచి మొదటి కాగితం మీదికి వచ్చింది. సంతకం పడింది. నేను వెంటనే స్టాంపు కొట్టి, నంబరు వేసి, కాపీ నూకరాజు చేతిలో పెట్టాను. నా ఉద్యోగ జీవితంలో అంత వేగంగా ఎప్పుడూ పని చెయ్యలేదు.

"ఇప్పుడు చెప్పండి. ఎవరు?"

పురంజయరావు గారు కూర్చున్నారు. ఆయన చెప్పింది చెప్పినట్టు మినిట్స్‌లో ఉంది. ఇదీ అది:

"నేను. శనివారం అయిదున్నరకి, నా తాళంచెవితో, నా టీ చెంచాతో. మా ఆవిడ అమ్మాయి పురిటికి తెనాలి వెళ్ళి పంతొమ్మిది రోజులైంది. వెళ్తూ తోడు పెట్టి వెళ్ళింది. నాలుగో రోజుకే నేను దాన్ని పాడుచేశాను. ఒకరోజు నీళ్ళలా ఉండేది, ఒకరోజు జిగురులా సాగేది. ఇరవై రెండేళ్ళు ఏది చెయ్యొచ్చో ఏది చెయ్యకూడదో పాఠం చెప్పినవాణ్ణి, పక్కింటికెళ్ళి కాస్త తోడు పెట్టమ్మా అని అడగలేకపోయాను. అడిగితే, ఈయనకి పెరుగు తోడెయ్యడం కూడా రాదా అంటారని. గ్యాలరీలో దాన్ని చూస్తూ నిలబడ్డాను. మిగతా వేళ్ళు గట్టిగా ఉన్నాయి. చిటికెన వేలు తేలిగ్గా వచ్చింది. ఆదివారం మధ్యాహ్నం విశాలాక్షి గారు గిన్నె పట్టుకుని తలుపు దగ్గరికొచ్చారు, చుట్టాలొచ్చి తోడుతో సహా తాగేశారు, మీ దగ్గరుందా అని. తోడడిగిన మనిషిని లేదని ఎలా పంపుతాను? అందులోనూ నన్నొకళ్ళు అడగడం అదే మొదటిసారి. ఇచ్చాను. ఎవరికీ చెప్పకండి అన్నారావిడ. నేనూ అదే అనబోతున్నాను. ఆ తర్వాత భయమేసింది. భయమేసిన కొద్దీ పేజీలు రాశాను. మైనర్లు, మౌనం, ప్రత్యామ్నాయ వేలు, అన్నీ. కృపావతి గారు, నన్నెవరడిగారు అన్నప్పుడు మాత్రం రాయడానికేమీ దొరకలేదు. ఆవిడ అడిగింది ఒక్కటే న్యాయమైన ప్రశ్న. మిమ్మల్ని అడగాల్సింది నేనేనమ్మా. తప్పయింది. ఏ శిక్ష వేసినా వేయించుకుంటాను. కానీ ఒక్కమాట రాసుకోండి భ్రమరాంబ గారూ. ఆదివారం పొద్దున్న లేచి మూత తీసి, గిన్నె పక్కకి వంచాను. కదల్లేదు. ఇంకా వంచాను. అయినా కదల్లేదు. వంటింట్లో ఒక్కణ్ణే నిలబడి గట్టిగా నవ్వాను. వెంటనే తెనాలికి ఫోన్ చేసి, తోడుకుందే అని చెప్పాను."